నీళ్ళు వెనుదిరిగే వేళ కంబోడియా

కంబోడియాకు ఎప్పుడు వెళ్ళాలని ఎవరైనా అడిగితే, మహాలయ అమావాస్య దాటాక, కార్తీక పౌర్ణమి ముగిసేలోగా వెళ్ళమని చెబుతాను. అడిగినవారు మొదట నవ్వుతారు, తరువాత ఫోను తీసి వెతుకుతారు, వెతికాక నన్ను అనుమానంగా చూస్తారు. ఆంకోర్ వాట్ గురించి రాసే ప్రతి పర్యాటక పత్రికా, టూర్లు నడిపే ప్రతి ఏజెంటూ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే మంచి కాలమనీ, సెప్టెంబరు, అక్టోబరు నెలల జోలికి పోవద్దనీ చెబుతారు కదా మరి. వాళ్ళు చెప్పే వాతావరణ వివరాల్లో అబద్ధమేమీ లేదు. ఆంకోర్ గుళ్ళకు దగ్గరి పట్టణం సియెమ్ రీప్‌లో ఏడాది మొత్తంలో ఎక్కువ వాన పడేది ఆ రెండు నెలల్లోనే. ఆ వివరాల నుంచి వాళ్ళు తేల్చే తీర్పుతోనే నాకు పేచీ.

నేను మొదటిసారి వెళ్ళింది అందరూ మెచ్చే ఫిబ్రవరిలోనే. ఆకాశంలో మబ్బు తునక లేదు, నేల మీద తడి లేదు, పత్రికలు మాట ఇచ్చినట్టే అంతా ఉంది. తెల్లవారుజామున అయిదు గంటలకు ఆంకోర్ వాట్ ప్రాంగణంలోని ఉత్తరపు కొలను గట్టు మీద, నాలుగు వరుసల జనం వెనక నిలబడి, ముందున్నవారు పైకెత్తిన ఫోన్ల తెరల్లో సూర్యోదయం చూశాను. మధ్యాహ్నం టోన్లే సాప్ సరస్సు మీది పల్లెను చూపిస్తామని టిక్కెట్టు అమ్మినవారు మమ్మల్ని ఒక పడవ ఎక్కించారు. అర కిలోమీటరు పోయేసరికి పడవ అడుగు బురదకు తగిలి ఆగింది. పడవవాడు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి తోశాడు, మేము అటూ ఇటూ జరిగి బరువు సర్దుకున్నాము. పల్లె చేరేసరికి, ఆరేడు మీటర్ల ఎత్తు గుంజల మీద నిలబెట్టిన ఇళ్ళు, కింద ఎండి నెర్రెలు విచ్చిన మట్టి, ఆ మట్టి మీద ఆరబెట్టిన వలలు, వాటి మధ్య తిరిగే కోళ్ళు కనిపించాయి. ఇంత ఎత్తున ఇళ్ళెందుకు కట్టుకున్నారో కంటితో చూసి గ్రహించే మార్గం ఆ రోజు లేదు. గైడు చేయి పైకెత్తి, నీళ్ళు అదుగో అక్కడిదాకా వస్తాయని చెప్పాడు. డబ్బు పెట్టి అంతదూరం వెళ్ళి, చూడవలసినదాన్ని ఒకరు చేత్తో చూపిస్తుంటే ఊహించుకొని తిరిగి వచ్చాము.

తిరిగి వచ్చాక నాకు తోచిన విషయం ఏమిటంటే, ఆ మంచి కాలం లెక్క మన కోసం వేసినది కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో మంచులో కూరుకుపోయే యూరప్ నుంచి వచ్చేవారికి ముప్పయి డిగ్రీల ఎండ, వాన లేని పదిరోజులు ఒక వరం. వాళ్ళు కొనుక్కునేదే ఎండ. విజయవాడలో పుట్టి పెరిగినవాడికి ఎండ కోసం విమానం ఎక్కవలసిన అవసరం ఏముంది? సియెమ్ రీప్ మన సూళ్ళూరుపేటకు కాస్త దక్షిణంగా, దాదాపు అదే అక్షాంశం మీద ఉంటుంది. అక్కడి ఎండ మనకు కొత్తది కాదు, అక్కడి వాన మనల్ని భయపెట్టదు. మనకు నిజంగా కొత్తది ఆ దేశంలో నీరు చేసే పని. అది చూడాలంటే నీరున్నప్పుడే వెళ్ళాలి.

ఆ పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. టోన్లే సాప్ సరస్సు నుంచి అదే పేరు గల నది ఒకటి వంద కిలోమీటర్లకు పైగా ఆగ్నేయంగా ప్రవహించి, రాజధాని నోమ్ పెన్ దగ్గర మెకాంగ్‌లో కలుస్తుంది. ఎండాకాలమంతా ఈ నది, ఏ నదైనా చేసే పనే చేస్తూ, సరస్సు నీటిని మెకాంగ్‌కు మోస్తుంది. మే, జూన్ నెలల్లో నైరుతి రుతుపవనం వచ్చాక, లావోస్ కొండల వాన నీరూ టిబెట్ పీఠభూమి మీద కరిగిన మంచూ కలిసి మెకాంగ్ పొంగుతుంది. ఆ పొంగు సరస్సు మట్టాన్ని మించిపోయిన నాడు ఉపనది ఆగి, వెనక్కి తిరిగి, తాను పుట్టిన సరస్సులోకే ప్రవహించడం మొదలుపెడుతుంది. ఎండాకాలంలో రెండున్నర, మూడు వేల చదరపు కిలోమీటర్లు, నడుము లోతు మాత్రమే ఉండే సరస్సు, వానలు ముగిసేనాటికి పది వేల చదరపు కిలోమీటర్లు దాటి, మంచి ఏడాదిలో పదిహేను వేల దాకా పరుచుకుంటుంది. లోతు ఎనిమిది, తొమ్మిది మీటర్లకు చేరుతుంది. చుట్టూ ఉన్న అడవి కొమ్మల దాకా మునిగిపోయి, ఆ చెట్ల మధ్య చేపలు గుడ్లు పెడతాయి. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో మెకాంగ్ తగ్గగానే నది మళ్ళీ తిరుగుతుంది. మన కొల్లేరు కూడా వానల్లో విస్తరించే సరస్సే గాని, ఉప్పుటేరు ఏటా కొన్ని నెలలపాటు వెనక్కి నడవదు.

ఈ మార్పు గడియారం ప్రకారం జరగదని కూడా చెప్పాలి. 2019లో వానలు ఆలస్యమై, ఎగువ ఆనకట్టల పాత్ర మీద పెద్ద వివాదం నడిచిన సమయంలో, ఎదురు ప్రవాహం చాలా ఆలస్యంగా మొదలై తొందరగా ముగిసింది. అటువంటి ఏడాది అక్టోబరులో వెళ్ళినవారికి నేను పైన రాసినదంతా కనిపించకపోవచ్చు. అయినా ఫిబ్రవరిలో వెళ్ళినవారి కంటే ఎక్కువే కనిపిస్తుంది.

రెండోసారి మేము దసరా వెళ్ళిన వారం తరువాత, అక్టోబరులో వెళ్ళాము. అదే పల్లె, కంపాంగ్ ఫ్లుక్. ఈసారి పడవ ఎక్కడా ఆగలేదు. మొదటిసారి నేను తల వెనక్కి వాల్చి చూసిన ఇళ్ళ గడపలు ఇప్పుడు నా భుజం ఎత్తున పక్కగా జరిగిపోతున్నాయి. ఒక ఇంటి నిచ్చెన మీద, నీళ్ళకు పైనున్న రెండో మెట్టు మీద కూర్చొని, గళ్ళ తుండు నడుముకు చుట్టుకున్న ఒక పెద్దావిడ గిన్నెలు తోముతోంది. ఆ తుండును వాళ్ళు క్రమా అంటారు; తలపాగాకూ, ఉయ్యాలకూ, మూటకూ, దేనికైనా అదే. ఆమె ముంచి తీసిన ప్రతి గిన్నె వెంట చిన్న చేపలు ముసురుకుంటున్నాయి. కింద ఇంకా ఎన్ని మెట్లున్నాయని మా పడవ నడిపే కుర్రవాడి చేత అడిగించాను. ఆమె లెక్క చెప్పలేదు. నీళ్ళున్నప్పుడు పడవ, లేనప్పుడు మోటారు సైకిలు అన్నది. బడికి వెళ్ళే పిల్లలు ఒంటి తెడ్డుతో సన్నటి పడవల్లో మా పక్కనుంచి వెళ్ళిపోయారు. మునిగిన అడవిలోకి వెళ్ళినప్పుడు పడవ ఇంజను ఆపేశారు. కొమ్మలను చేత్తో పట్టుకొని లాగుతూ ముందుకు సాగాము. ఫిబ్రవరిలో ఆ కొమ్మలే నా తలకు ఎంతో ఎత్తున, వరద వదిలి వెళ్ళిన గడ్డి పరకలు వేలాడుతూ కనిపించాయి.

వాన సంగతి దాచను. మేము ఉన్న ఆరు రోజుల్లో నాలుగు రోజులు కురిసింది. అయితే అది మన వాయుగుండపు ముసురు లాగా పగలూ రాత్రీ పట్టి కురిసేది కాదు. సాధారణంగా ఉదయం వెలుతురు బాగుంటుంది, మధ్యాహ్నం రెండు దాటాక నైరుతి దిక్కు నల్లబడుతుంది, గాలి ఒక్క విసురు విసురుతుంది, గంటో గంటన్నరో ధారగా పడి వెలుస్తుంది. మా టుక్‌టుక్ నడిపే ఆయన ఆ గాలి తగలగానే బండి పక్కకు ఆపి, ‘ఫ్లియెంగ్’ అని ఒక్క మాట అని, పైకి చుట్టి ఉంచిన ప్లాస్టిక్ తెరలు నాలుగు వైపులా దింపి, గుండీలు పెట్టి, ఎవరికీ తొందర లేదన్నట్టు మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. కంబోడియా వాళ్ళ భాష ఖ్మేర్‌లో వాన అనే మాట నేను నేర్చుకున్నది అలాగే. మనం చేయవలసినదల్లా ఉదయం ఏడు నుంచి ఒంటిగంట లోపల గుళ్ళు చూడటం, మధ్యాహ్నం భోజనం చేసి పడుకోవడం, సాయంత్రం మళ్ళీ బయలుదేరడం. ఆంకోర్ మూడు రోజుల టిక్కెట్టు 62 డాలర్లు. దానిని పది రోజుల వ్యవధిలో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు కాబట్టి, బాగా పట్టిన రోజును వదిలేసినా నష్టం లేదు.

ఇక గుళ్ళ దగ్గరకు వస్తే, అక్కడ కూడా నీరే అసలు సంగతి. పన్నెండో శతాబ్దపు పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన ఆంకోర్ వాట్ చుట్టూ ఉన్న అగడ్త వెడల్పు 190 మీటర్లు. మధ్య శిఖరం మేరువు, అగడ్త సముద్రం అని పండితులు చెప్పే భావన ఎండాకాలంలో పుస్తకంలోని వాక్యంగానే మిగులుతుంది. అంచుల దాకా నిండిన అగడ్త మీదుగా రాతి వంతెన పొడవునా నడిచి లోపలికి వెళ్ళినప్పుడు అది కాళ్ళకు తెలుస్తుంది. తూర్పు మండపంలో దక్షిణ భాగాన క్షీరసాగర మథనం చెక్కిన గోడ 49 మీటర్ల పొడవు ఉంటుంది. ఒకవైపు 92 మంది అసురులు, మరొకవైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టుకొని లాగుతుండగా, కింది వరుసలో చిలకబడుతున్న కడలిలో చేపలూ మొసళ్ళూ ముక్కలై ఎగురుతుంటాయి. మేము ఆ గోడ ముందు నిలబడి ఉన్నప్పుడే బయట వాన మొదలైంది. మండపం చూరు నుంచి ధారలు పడుతున్న ఆ ముప్పావు గంటలో మాతోపాటు అక్కడ పదిమంది కూడా లేరు. ఆ చేపలను తాపీగా ఒక్కొక్కటిగా చూశాము. ఫిబ్రవరిలో ఇదే గోడ ముందు గుంపుల మధ్య నుంచి రెండు నిమిషాల్లో నెట్టుకుంటూ వచ్చేశాను.

ఈ గుళ్ళన్నీ ఉన్న పాత రాజధాని ఆంకోర్ నగరం నీటి మీద లేచి నీటి మీదే కుంగింది. పదకొండో శతాబ్దంలో తవ్విన పశ్చిమ బరాయ్ చెరువు ఎనిమిది కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు; కాకతీయుల పాకాల, రామప్ప చెరువులు చూసిన కంటికి కూడా అది చెరువులా అనిపించదు. కూలెన్ కొండల నుంచి వచ్చే నీటిని కాలువల్లో పట్టి, ఇటువంటి చెరువుల్లో నింపి, ఎండాకాలానికి దాచుకున్నారు. చెట్ల వలయాలను చదివి శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పద్నాలుగు, పదిహేను శతాబ్దాల్లో ఆ ప్రాంతానికి దశాబ్దాల పాటు సాగిన కరువులు వచ్చాయి, వాటి మధ్య విపరీతమైన వానలూ కురిశాయి. ఎండకు అలవాటుపడిన కాలువలు ఆ వరదకు తెగిపోయాయి. ఇంత కథ ఉన్న ఊరిని నీళ్ళు లేని నెలల్లో చూసి రావడం, పంట కోసేశాక డెల్టాను చూసి రావడం వంటిది. నిజానికి అదీ అక్షరాలా జరిగింది: ఫిబ్రవరిలో మా దారి పొడవునా కోసిన వరి మోళ్ళూ దుమ్మూ ఉన్నాయి. అక్టోబరులో అదే దారికి రెండు వైపులా వరి పొట్ట దశలో ఉంది, గట్ల మీద తాటిచెట్లు వరుస కట్టి ఉన్నాయి. తాడేపల్లిగూడెం దాటాక రైలు కిటికీలోంచి కనిపించే దృశ్యమే అది, ఒక్క విద్యుత్తు స్తంభాల తీరే వేరు.

నేను తేదీలకు బదులు తిథులు చెప్పడానికి కారణం చాదస్తం కాదు. ఖ్మేర్ పంచాంగంలో నెలల పేర్లు మనవే: చెత్, పిసాక్, చెస్, అసాథ్, స్రాప్, ఫొత్రొబొత్ అంటూ చైత్రం నుంచి భాద్రపదం మీదుగా సాగి కదెక్ అనే కార్తీకానికి వస్తాయి. ఫొత్రొబొత్ బహుళ పక్షం పదిహేను రోజులూ వాళ్ళకు పితృపక్షం. దాని చివరి రోజుల పండుగ పేరు ప్చుమ్ బెన్. అందులో ‘బెన్’ అంటే పిండమే. తెల్లవారకముందే బౌద్ధ విహారాల చుట్టూ తిరుగుతూ, ఆకలితో ఉన్న పితరుల కోసం అన్నపు ముద్దలు చీకట్లోకి విసురుతారు. 2025లో సెప్టెంబరు 21న మనకు మహాలయ అమావాస్య అయితే, వాళ్ళ ప్చుమ్ బెన్ సెలవులు 21 నుంచి 23 వరకు వచ్చాయి. నది వెనక్కి తిరిగే వేళ జరిపే పడవ పందేల పండుగ బోన్ ఓమ్ తూక్ కదెక్ పౌర్ణమికి. 2025లో నవంబరు 4 నుంచి 6 వరకు జరిగింది, మన కార్తీక పౌర్ణమి 5న. చిన్న మెలిక ఒకటుంది. మన అధిక మాసం ఏ నెలకైనా రావచ్చు గాని, వాళ్ళకు అధికం వస్తే ఆషాఢానికే వస్తుంది. అందువల్ల అధిక మాసం వచ్చిన ఏడాది టిక్కెట్టు తీసుకునే ముందు వాళ్ళ సెలవుల పట్టిక చూసుకోవడం మంచిది.

అమావాస్య దాటాక వెళ్ళమనడానికి మరో కారణం, ప్చుమ్ బెన్ మూడు రోజులూ జనమంతా సొంత ఊళ్ళకు తరలిపోవడం. మన సంక్రాంతికి హైదరాబాదు ఖాళీ అయినట్టు నోమ్ పెన్ ఖాళీ అవుతుంది. బస్సుల్లో చోటు దొరకదు, కొట్లు మూసి ఉంటాయి.

ఇప్పుడు నా వాదానికి ఎదురు నిలిచే విషయాలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి ఈ కాలం చెప్పను. తడిసిన ఇసుకరాతి మెట్లు నాచుతో జారతాయి. ఆంకోర్ మెట్లు పొడి కాలంలోనే నిటారుగా భయపెడతాయి. డెంగీ దోమల కాలం కూడా ఇదే. సముద్రతీరమూ దీవులూ చూడాలనుకునేవారైతే అసలు రావద్దు: కార్డమమ్ కొండలు నైరుతి గాలిని ముందుగా అడ్డుకోవడంవల్ల ఆ తీరంలో మధ్య మైదానానికి రెట్టింపు, కొన్నిచోట్ల అంతకు మించి వాన పడుతుంది, కడలి అల్లకల్లోలంగా ఉంటుంది. టోన్లే సాప్ అంచున ఉన్న పక్షుల రక్షిత ప్రాంతం ప్రెక్ తోల్‌లో గూళ్ళు కట్టే కొంగలనూ గూడబాతులనూ చూడటానికి వెళ్ళే పక్షి ప్రియులకు డిసెంబరు తరువాతి నెలలే సరైనవి. ఆంకోర్ వాట్ వెనక ఎర్రగా లేచే సూర్యుడు కూడా అక్టోబరులో హామీ లేదు. మేము రెండు తెల్లవారుజాములు కాపు కాసి రెండుసార్లూ బూడిద రంగు మబ్బే చూశాము. అన్నింటికంటే పెద్దది వరద. 2011లోనూ 2020లోనూ ఈ నెలల్లోనే కంబోడియాలో పెద్ద వరదలు వచ్చాయి. 2011లో పడవ పందేలనే రద్దు చేశారు. అటువంటి వార్త కనిపిస్తే ప్రయాణం మానుకోవాలి. అక్కడివారు ఇళ్ళు పోగొట్టుకుంటున్నప్పుడు మన సరదా కోసం వాళ్ళ పడవలు అడగకూడదు.

అయినా తెలుగువారి విషయంలో అసలు పోటీ అక్టోబరుకూ జనవరికీ మధ్య కాదు, అక్టోబరుకూ ఏప్రిల్, మే నెలలకూ మధ్య. పిల్లలకు బడి సెలవులు వేసవిలోనే కాబట్టి మన కుటుంబాలు అప్పుడే బయలుదేరుతాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఇక్కడ ఇంట్లో తలుపులు వేసుకొని కూర్చునేవారు, అక్కడ ఏప్రిల్ ఎండలో నీడలేని రాతి మెట్లు ఎక్కడానికి సిద్ధపడటం నాకు ఎప్పటికీ వింతే. మధ్యాహ్నానికి ఆ రాయి చేత్తో ముట్టుకోలేనంతగా కాగుతుంది, పొలాల్లో పెట్టే నిప్పుల పొగ గాలిలో ఉంటుంది, సరస్సు అడుగంటి ఉంటుంది. ఏప్రిల్ నడుమ వచ్చే వాళ్ళ కొత్త సంవత్సరం, వాళ్ళ మాటలో మహా సంక్రాన్, నీళ్ళు చల్లుకునే సంబరంగా బాగానే ఉంటుంది గాని, దాని కోసం మిగిలినదంతా భరించనక్కరలేదు. దసరా సెలవులున్నాయి కదా. వేసవి సెలవుల మీద ఉన్న మోజులో పదో వంతు దసరా సెలవుల మీద పెడితే చాలు.

సంక్రాంతికి తప్ప వీలు కాదనేవారికి నా దగ్గర ఒక రాయితీ ఉంది. జనవరిలో, పుష్య పౌర్ణమికి ముందు వారంలో, సరస్సు వదిలి మెకాంగ్‌కు పోయే చేపల గుంపులు నదిలో కిక్కిరిసి దిగుతాయి. నదికి అడ్డంగా వరుసగా కట్టిన ‘దాయ్’ అనే సంచి వలల్లో వేలెడు పొడవు రియెల్ చేపలు కుప్పలుగా పడతాయి. ఏడాదికి సరిపడా ప్రహోక్ అనే చేపల ఊరుబెట్టు కోసం గ్రామాల నుంచి జనం బళ్ళు కట్టుకొని ఒడ్డుకు వస్తారు. ఆ వాసన తట్టుకోగలిగితే నోమ్ పెన్‌కు ఎగువన ఆ ఒడ్డున ఒక ఉదయం గడపండి. ప్రయాణ పత్రికల వాళ్ళు జనవరి మంచిదని చెప్పేటప్పుడు ఈ ఒక్క మంచి కారణం ఎందుకో చెప్పరు.

మా అక్కయ్యా బావగారూ ఈ దసరాకు పిల్లలతో వస్తామన్నారు. మహాలయ పక్షంలో ప్రయాణమేమిటని అమ్మ అడ్డు చెప్పకముందే విజయదశమి మరునాటికి టిక్కెట్లు తీసుకున్నాము. ఆంకోర్ వాట్ పై అంతస్తు బకాన్‌ను బౌద్ధుల పవిత్ర దినాల్లో, అంటే నెలకు నాలుగుసార్లు, అష్టములకూ అమావాస్యకూ పౌర్ణమికీ మూసివేస్తారు. ఏకాదశి నాడు దిగితే పౌర్ణమికి ముందు మూడు రోజులు చేతిలో ఉంటాయి కాబట్టి మొదటి ఉదయమే అది ఎక్కేయాలని అనుకున్నాము. ఎన్ని గొడుగులు తేవాలని బావగారు నిన్న ఫోను చేశారు. ఒక్కటీ వద్దని చెప్పాను. గుడి దారిలో ప్రతి కొట్టులోనూ పల్చటి ప్లాస్టిక్ వానకోట్లు వేలాడుతుంటాయి. పిల్లలకు రంగులు వాళ్ళే ఎంచుకోవచ్చు.